నౌరు దేశంపై గోడపత్రిక తయారుచేస్తున్నాం, తెలిసినవారు సరిదిద్దండి

బడిగంట
సోమవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా ఏడో తరగతి గోడపత్రికకు పిల్లలు తలా ఒక చిన్న దేశాన్ని ఎంచుకున్నారు. ఒక అమ్మాయి పసిఫిక్ మహాసముద్రంలోని నౌరును తీసుకుంది. ఆమె ఎక్కడో చదివి రాసుకొచ్చిన మొదటి వాక్యం ఇది: "నౌరు ప్రజలు తేరగా వచ్చిన డబ్బుతో సోమరులై తమ దేశాన్ని తామే పాడుచేసుకున్నారు."

పన్నెండేళ్ల పిల్ల ఒక జాతి మొత్తాన్ని ఒకే ముక్కలో తేల్చేయడం నాకు మింగుడుపడలేదు. అలాగని తప్పు అని చెప్పడానికి నా దగ్గర తగినంత సమాచారం లేదు. ఆ దేశం నేల, జనం, పాలన, బతుకుతెరువు గురించి తెలిసినవారు వివరంగా రాస్తే శుక్రవారంలోగా సరిచేసి గోడకు అంటిస్తాం.

పటాలపెట్టె
సోమవారం, రాత్రి 9.48

ముందు నేల సంగతి. నౌరు విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. వాటికన్, మొనాకో తర్వాత ప్రపంచంలో అతి చిన్న దేశం ఇదే. భూమధ్యరేఖకు దక్షిణాన దాదాపు 56 కిలోమీటర్ల దూరంలో, గుడ్డు ఆకారంలో ఒంటరిగా ఉంటుంది. అన్నిటికంటే దగ్గరి పొరుగు కిరిబాటి దేశానికి చెందిన బనాబా దీవి. అది కూడా తూర్పున 300 కిలోమీటర్ల అవతలే.

దీవి చుట్టూ ఉన్న రోడ్డు పొడవు 19 కిలోమీటర్లు. హైదరాబాద్ బాహ్య వలయ రహదారి 158 కిలోమీటర్లు కదా, అందులో ఎనిమిదో వంతు. జనాభా సుమారు 12 వేలు. తీరం వెంబడి సన్నటి పట్టీ ఒకటి ఉంది. ఇళ్లు, బడులు, కొబ్బరి చెట్లు అన్నీ ఆ పట్టీలోనే. లోపలి భాగం ఎత్తైన పీఠభూమి, స్థానికులు దాన్ని టాప్‌సైడ్ అంటారు. ఎరువుకు పనికొచ్చే ఫాస్ఫేటు రాయి తవ్వకాలు జరిగింది అక్కడే. దీవిలో ఐదింట నాలుగు వంతుల దాకా తవ్వేశారు. లోపల పచ్చగా మిగిలింది బువాడా మడుగు చుట్టుపక్కల మాత్రమే. నదులు లేవు. వాన నీళ్లు, సముద్రపు నీటిని శుద్ధి చేసే యంత్రాలే ఆధారం.

ఇంకొకటి. రాజధాని యారెన్ అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. నిజానికి నౌరుకు అధికారిక రాజధాని లేదు. పార్లమెంటు, విమానాశ్రయం యారెన్ జిల్లాలో ఉన్నాయి కాబట్టి అలా రాస్తారు. పిల్లలకు ఈ తేడా చెప్పండి, పరీక్షల్లో తరచూ అడుగుతారు.

గోదారిగట్టు
సోమవారం, రాత్రి 10.20

బడిగంట గారూ, ఆ అమ్మాయి రాసిన దాంట్లో తప్పేముంది? మాట కటువుగా ఉండవచ్చు గానీ విషయం నిజమే. 1970ల మధ్యలో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో నిలిచిన దేశం అది. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టుకున్నారు. ఏడెనిమిది వేల జనానికి సొంత విమాన సంస్థ, అందులో బోయింగ్ విమానాలు. లండన్‌లో లియొనార్డో డావిన్సీ మీద ఒక సంగీత నాటకానికి పెట్టుబడి పెడితే అది 1993లో నెల తిరిగేసరికి మూతపడింది. ఇంటికి కావలసినవన్నీ ప్రభుత్వమే ఇచ్చింది, ఆదాయపు పన్ను లేదు. చివరికి ఏమైంది? 2004లో ఆ భవనం అమ్ముకున్నారు. 2005 డిసెంబరులో మిగిలిన ఒక్క విమానాన్నీ అప్పులవాళ్లు పట్టుకుపోయారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. నౌరులో ఆ కొండ అక్షరాలా కరిగిపోయింది.

సముద్రపుగాలి
సోమవారం, రాత్రి 11.35

నేను విశాఖవాసిని. సరుకు ఓడల్లో ఇంజనీరుగా ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. 1980ల మొదట్లో రెండుసార్లు నౌరుకు వెళ్లాను. గోదారిగట్టు గారి లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ ఆ కొండను ఎవరెవరు కరిగించారో నా కళ్లతో కొంత చూశాను, అది చెబుతాను.

నౌరులో ఓడ లంగరు వేయడానికి వీలుండదు. పగడపు దిబ్బ అంచు దాటగానే సముద్రం నిట్టనిలువుగా లోతైపోతుంది, గొలుసుకు అడుగు అందదు. అందుకని అడుగున గొలుసులతో బిగించి నీటిపై తేలేలా ఉంచిన బోయాలకు ఓడను నాలుగు వైపులా తాళ్లతో కట్టేవారు. అయివో జిల్లా తీరంలో రెండు పెద్ద ఉక్కు చేతులు ఉండేవి. మొదటిది 1930లో కట్టింది. అవి దిబ్బ మీదుగా చాపుకొచ్చి ఓడలో సరుకు నింపే గొయ్యి మీద ఆగేవి. వాటి లోపల నడిచే బెల్టు మీద నుంచి ఫాస్ఫేటు ధూళి జలపాతంలా కురిసేది. గోధుమరంగు పిండి అది. కళ్లలో, చెవుల్లో, అన్నంలో, పక్కబట్టల్లో అంతా అదే. వారం తర్వాత న్యూజిలాండ్ రేవులో సరుకు దింపేసి స్నానం చేసినా చెవుల్లోంచి అది వస్తూనే ఉండేది.

పడమటి గాలి మొదలైతే మాత్రం కెరటాలకు ఓడ దిబ్బ మీద పడుతుందని తాళ్లు విప్పేసి వెనక్కి వెళ్లిపోవాలి. ఒకసారి మేము తొమ్మిది రోజులు ఇంజను ఆపి దీవి కనిపించేంత దూరంలో అలా కొట్టుకుపోతూ, మళ్లీ వెనక్కి వస్తూ గడిపాం. మాతో పాటు ఇంకో మూడు ఓడలు. పగలల్లా డెక్కు మీద నిలబడి ఆ చిన్న దీవిని చూస్తూ నేను అనుకునేవాణ్ణి: ఒక్కో ఓడలో వేల టన్నులు, ఏడాదికి ఎన్నో ఓడలు, ఇలా ఎప్పటి నుంచి? మా ఓడ కెప్టెన్‌ను అడిగితే "మా తాత కాలం నుంచి" అన్నాడు. ఆయన ఆస్ట్రేలియావాడు.

నౌరు వాళ్లకు స్వాతంత్ర్యం వచ్చింది 1968లో. తవ్వకం మొదలైంది 1906లో. నడుమ అరవై రెండేళ్లు. ఆ అరవై రెండేళ్ల సంగతి ఆ పాప వాక్యంలో లేదు.

పాతకాగితం
మంగళవారం, ఉదయం 6.40

సముద్రపుగాలి గారూ, మీ టపా చదివాక నిద్ర పట్టలేదు. ఆ అరవై రెండేళ్లు నేను పూరిస్తాను.

1888లో జర్మనీ నౌరును కలిపేసుకుంది. సిడ్నీలో ఒక వ్యాపార సంస్థ కార్యాలయంలో తలుపు మూసుకుపోకుండా ఒక రాయి అడ్డుపెట్టేవారు. నౌరు నుంచి తెచ్చిన రాయి, రాయిగా మారిన చెట్టు మాను అనుకునేవారు. 1899లో అక్కడ పనిచేసే ఆల్బర్ట్ ఎల్లిస్ దాన్ని పరీక్ష చేయిస్తే మేలురకపు ఫాస్ఫేటు అని తేలింది. నౌరు చరిత్ర ఆ తలుపు దగ్గర మలుపు తిరిగింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సేనలు దీవిని పట్టుకున్నాయి. 1919లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒప్పందం చేసుకుని బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్లు అనే ఉమ్మడి సంస్థకు గనులు అప్పగించాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రైతులకు మార్కెట్ ధర కంటే చౌకగా ఎరువు అందింది. భూమి యజమానులకు మొదట్లో టన్నుకు అర పెన్నీ ఇచ్చేవారు. మళ్లీ చదవండి, టన్నుకు అర పెన్నీ.

రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఆగస్టులో జపాన్ వచ్చింది. దాదాపు 1,200 మంది నౌరు వాళ్లను వెయ్యి మైళ్ల అవతల పసిఫిక్‌లోనే ఉన్న ట్రక్ (ఇప్పుడు చూక్ అంటారు) దీవులకు కూలి పనికి తరలించింది. ఆకలికి, జబ్బులకు, బాంబులకు పోయినవారు పోగా 737 మంది 1946 జనవరి 31న ఓడలో తిరిగి వచ్చారు. తిరిగి వచ్చిన వాళ్లలో హామర్ డెరోబర్ట్ అనే యువకుడు ఒకరు. బడిపంతులుగా పనిచేశారు. 1968లో దేశపు మొదటి అధ్యక్షుడు ఆయనే. స్వాతంత్ర్య దినంగా వాళ్లు ఎంచుకున్న తేదీ జనవరి 31. బడిగంట గారూ, మీ పిల్లలకు ఇంకేమీ చెప్పకపోయినా ఇది చెప్పండి.

ఈ మధ్యలో 1960ల తొలినాళ్లలో ఆస్ట్రేలియా ఒక ప్రతిపాదన పెట్టింది: దీవి ఎలాగూ పనికిరాకుండా పోతుంది, క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ దీవికి అందరూ వచ్చేయండి అని. అక్కడికి వెళ్తే ఆస్ట్రేలియా పౌరులమే అవుతాం గానీ నౌరు జాతిగా మిగలమని 1964లో వీళ్లు వద్దన్నారు. సోమరులు చేసే పని కాదు ఇది.

గోదారిగట్టు
మంగళవారం, ఉదయం 8.05

పాతకాగితం గారూ, ఇవి నాకు తెలియవు. తెలియకుండా పెద్ద మాట అన్నాను, ఆ మేరకు వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక ప్రశ్న వదలను. 1970లో 2.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించి గనుల యంత్రసామగ్రి మొత్తం సొంతం చేసుకున్నారు. అక్కడి నుంచి ముప్పై ఏళ్లు డబ్బు వాళ్ల చేతిలోనే ఉంది. గనులు ఖాళీ అయ్యాక బతకడానికని నిధి పెట్టుకున్నారు. ఆ నిధినే మదుపుల పేరుతో తగలేశారు. 1990లలో అడ్డూ ఆపూ లేకుండా కాగితం మీద మాత్రమే ఉండే బ్యాంకులకు లైసెన్సులిచ్చి, రష్యా నల్లధనానికి దారి అయ్యి, అంతర్జాతీయ నల్లజాబితాకెక్కారు. దీనికి ఆస్ట్రేలియాను తప్పుపట్టగలమా?

పాతకాగితం
మంగళవారం, ఉదయం 8.50

పట్టలేం. అది నౌరు నాయకులు చేసిన తప్పే. కానీ "ప్రజలు" అని రాస్తే నేను ఒప్పుకోను. నిధిని మదుపు చేసినవారు పిడికెడు మంది. వాళ్లకు సలహాలిచ్చి కమిషన్లు తీసుకున్న దళారులు చాలామంది బయటివారు. గోచీ పెట్టుకుని చేపలు పట్టుకునే మనిషికి చెక్కు పుస్తకం ఇచ్చి, పక్కన సలహాదారుణ్ణి కూర్చోబెట్టారని కొందరు రాస్తారు, అది కూడా అవమానకరమే. డెరోబర్ట్ తరం చాలా తెలివైన బేరసారాలు చేసింది.

వాళ్లు కోర్టుకు వెళ్లిన తీరు చూడండి. శ్రీలంక న్యాయకోవిదుడు క్రిస్టఫర్ వీరమంత్రి అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. స్వాతంత్ర్యానికి ముందు తవ్విన భూములను బాగుచేయాల్సిన బాధ్యత పాలించినవారిదేనని 1989లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆస్ట్రేలియా మీద దావా వేశారు. విచారణ చేపట్టే అధికారం తనకు ఉందని 1992లో న్యాయస్థానం చెప్పింది. 1993 ఆగస్టులో ఆస్ట్రేలియా రాజీకి వచ్చి 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు ఒప్పుకుంది. పదివేల మంది ఉన్న దేశం సాధించింది అది.

ఎర్రనేల
మంగళవారం, మధ్యాహ్నం 1.15

నేను రైతును, అనంతపురం వైపు వేరుశనగ వేస్తాం. దుక్కిలో సూపర్ ఫాస్ఫేటు బస్తాలు చల్లుతాం గానీ అందులో ఉన్న భాస్వరం ఎక్కడి నుంచి వస్తుందో ఏనాడూ ఆలోచించలేదు. నాకొక సందేహం. ఆ రాతిపిండిని తెచ్చి నేరుగా పొలంలో చల్లేవారా?

సముద్రపుగాలి
మంగళవారం, మధ్యాహ్నం 2.40

లేదండీ. రాతి ఫాస్ఫేటు నీటిలో అంత తేలిగ్గా కరగదు, మొక్క వేరుకు అందదు. దాన్ని గంధకామ్లంతో కలిపితే కరిగే రూపంలోకి మారుతుంది, మీరు చల్లే సూపర్ అదే. నౌరు రాయి చాలా శుద్ధమైనది కాబట్టి కర్మాగారాలు దానికి ఎగబడేవి. వేల ఏళ్లు పగడపు దిబ్బ మీద వాలిన సముద్ర పక్షుల రెట్టల నుంచి అది ఏర్పడిందని ఎక్కువమంది చెబుతారు.

న్యూజిలాండ్‌లో మేము దింపిన రేవు వెనక కొండలన్నీ పచ్చటి పచ్చిక. గొర్రెలు మేస్తున్నాయి. నౌరులో పచ్చదనం ఎందుకు లేదో, ఇక్కడ ఎందుకు ఉందో నాకు ఆ రోజు అర్థమైంది.

దక్షిణసంధ్య
మంగళవారం, సాయంత్రం 5.30

మాది బ్రిస్బేన్, సొంతూరు ఖమ్మం. కొన్నేళ్ల కిందట లెక్కల తనిఖీ పని మీద నౌరులో ఆరు వారాలు ఉన్నాను. బ్రిస్బేన్ నుంచి నౌరు వారి విమానంలోనే నాలుగున్నర గంటలు. దిగగానే రన్‌వేకి ఎదురుగా పార్లమెంటు భవనం కనబడుతుంది.

టాప్‌సైడ్‌కు ఒక మధ్యాహ్నం వెళ్లాను. ఫాస్ఫేటును గీరి తీశాక మిగిలిన సున్నపురాయి స్తంభాలు బారులు బారులుగా నిలబడి ఉంటాయి. కొన్ని రెండు మూడు మనుషుల ఎత్తు, కొన్ని అంతకంటే పెద్దవి. బూడిదరంగు, పదునైన అంచులు. వాటి మధ్య దిగితే నడవడానికి చోటు లేదు, మొక్క నాటడానికి మట్టి లేదు. ఎండకు ఆ రాళ్లు కాగి సెగ పైకి కొడుతుంది. ఆ సెగకే వానమబ్బులు చెదిరిపోతాయని నాతో వచ్చిన డ్రైవర్ చెప్పాడు. వాళ్ల తాత ముత్తాతల భూమి ఎక్కడో ఆయనకు తెలుసు. చెయ్యి చాపి చూపించాడు. అక్కడా స్తంభాలే.

జనం మాత్రం ఎంత ఆదరంగా ఉంటారో చెప్పలేను. "ఎకమొవిర్ ఒమొ" అని పలకరిస్తారు. ఇంగ్లీషు అందరికీ వచ్చు, ఇంట్లో నౌరు భాషే. సాయంత్రం చీకటి పడ్డాక కొందరు కుర్రాళ్లు పొడవాటి కర్రలకు కట్టిన వలలతో టాప్‌సైడ్‌కు వెళ్తారు. నాడీ అనే నల్లటి సముద్ర పక్షుల కూతను రికార్డులో వినిపిస్తే పక్షులు దగ్గరికి వస్తాయి. వలతో గాలిలోనే పట్టేస్తారు. ఆ మాంసం వాళ్లకు పండగ భోజనం. బరువులెత్తే పోటీలంటే ప్రాణం. కామన్‌వెల్త్ క్రీడల్లో పతకాలు తెచ్చిన మార్కస్ స్టీఫెన్ తర్వాత దేశాధ్యక్షుడు కూడా అయ్యారు.

కానీ ప్రతి ఇంట్లో మధుమేహం ఉంది. తోటలు పోయాక, తవ్వకపు జీతాలు వచ్చాక, ఓడలో వచ్చే బియ్యం, డబ్బా మాంసం, చక్కెర పానీయాలే తిండి అయ్యాయి. నేను ఉన్న ఇంటి పెద్దామెకు పాదం తీసేశారు. మనవరాలు ఆమెను చక్రాల కుర్చీలో గుడికి, అంటే చర్చికి, తీసుకెళ్లేది. తిండి అలవాటును సోమరితనం అనేముందు కూరగాయల మొక్క నాటడానికి మట్టి ఎక్కడుందో చూపించమనాలి.

ఆదాయం గురించి. ఫాస్ఫేటు ఇప్పుడు నామమాత్రం. 2001లో సముద్రంలో శరణార్థులను కాపాడిన టాంపా అనే ఓడను ఆస్ట్రేలియా రానివ్వలేదు. ఆ వ్యవహారం తర్వాత ఆస్ట్రేలియా తన తీరానికి పడవల్లో వచ్చే శరణార్థులను నౌరులో ఉంచడం మొదలుపెట్టింది, కొంతకాలం ఆపి 2012లో మళ్లీ తెరిచింది. ప్రభుత్వ రాబడిలో పెద్ద భాగం అదే అయ్యింది. ఆ శిబిరాల్లో పిల్లలు ఏళ్ల తరబడి మగ్గిపోయారు. ఆస్ట్రేలియాలో పన్ను కడుతున్న మనిషిగా నాకు అది ఇప్పటికీ బాధే. ముందు రాయిని తీసుకెళ్లారు, తర్వాత తమకు వద్దనుకున్న మనుషులను తెచ్చి పెట్టారు.

పటాలపెట్టె
మంగళవారం, సాయంత్రం 6.20

చేపల సంగతి కలుపుతాను. నేల 21 చదరపు కిలోమీటర్లే అయినా నౌరు అధీనంలోని సముద్రం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అందులో ట్యూనా చేప పుష్కలం. 1982లో పొరుగు దీవులతో కలిసి చేసుకున్న ఒప్పందానికి పేరే నౌరు ఒప్పందం. విడివిడిగా బేరమాడితే పెద్ద దేశాల పడవలు చౌకగా కొట్టేస్తాయని ఎనిమిది దేశాలు ఒక్కటయ్యాయి. తర్వాతి కాలంలో, పడవ ఒక్క రోజు చేపలు పట్టాలంటే కనీసం 8,000 అమెరికా డాలర్లు అని ధర కట్టాయి.

2015లో కొత్తగా భావితరాల నిధి పెట్టారు. ఈసారి ఆస్ట్రేలియా వంటి దాతలు కూడా పాలకమండలిలో కూర్చుంటున్నారు, ఒక్కరు తలుచుకుంటే తీసి ఖర్చుపెట్టే వీలు లేదు. సముద్రం పైకి వస్తుంది కనుక తీరం జనాన్ని టాప్‌సైడ్‌కు తరలించే పథకం కూడా మొదలుపెట్టారు. దానికి డబ్బు కోసం 2025లో 1,05,000 అమెరికా డాలర్లకు పౌరసత్వం ఇవ్వడం మొదలుపెట్టారు. సముద్రగర్భంలో లోహపు ముద్దలు తవ్వే కంపెనీకి కూడా అండగా నిలబడ్డారు. ఈ ఒక్క విషయంలో నాకు దిగులుగా ఉంది. ఒకసారి తవ్వకంతో కాలిన చేతులు కదా.

లెక్కలపుస్తకం
మంగళవారం, రాత్రి 9.00

పాలన గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. నౌరు గణతంత్రం. 14 జిల్లాలు, 8 నియోజకవర్గాలు, 19 మంది సభ్యులు, మూడేళ్ల పదవీకాలం. అధ్యక్షుణ్ణి సభ్యులే తమలోంచి ఎన్నుకుంటారు. 2023 నుంచి డేవిడ్ అడియాంగ్ ఉన్నారు. రాజకీయ పార్టీల బలం తక్కువ, అందుకే అవిశ్వాస తీర్మానాలు తరచూ వచ్చేవి. ముందు 18 మంది ఉండేవారు. 2010లో చెరి తొమ్మిదిమంది అయ్యి పాలన నెలల తరబడి స్తంభించింది. తర్వాత సంఖ్యను 19 చేశారు. ఓటు వేయడం తప్పనిసరి.

నాకు అమితంగా నచ్చింది వాళ్ల ఓట్ల లెక్క. ఓటరు అభ్యర్థులందరికీ వరుస ఇవ్వాలి. మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి సగం, మూడో స్థానానికి మూడో వంతు, నాలుగుకు పావు. అన్నీ కూడి ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు గెలుస్తారు. 1971లో అక్కడ న్యాయశాఖ కార్యదర్శిగా ఉన్న డెస్మండ్ డౌడాల్ అనే ఐర్లండ్ దేశస్థుడు రూపొందించాడు. ఒక వర్గానికి ప్రాణం, మిగతా వాళ్లకు విరోధం అనే మనిషి కంటే, అందరికీ కొంత నచ్చిన మనిషికి ఇందులో అవకాశం ఎక్కువ. అందరూ అందరికీ బంధువులైన చిన్న దేశానికి ఇది చక్కగా అమరింది.

బడిగంట
మంగళవారం, రాత్రి 9.45

ఇంత రాశారు, అందరికీ చేతులెత్తి నమస్కారం. పిల్ల అడిగిన చివరి ప్రశ్న: జెండాలో నక్షత్రానికి పన్నెండు కొనలు ఎందుకు?

పాతకాగితం
మంగళవారం, రాత్రి 10.10

పన్నెండు తెగలు. తెగ తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. నీలం సముద్రం, అడ్డంగా పసుపు గీత భూమధ్యరేఖ, దాని కిందే నక్షత్రం, దేశం ఉన్న చోటు అది. ఆ పన్నెండులో రెండు తెగలు ఇరవయ్యో శతాబ్దంలో అంతరించిపోయాయి. కొనలు మాత్రం పన్నెండే ఉంచారు.

దీనితో పాటు అంగం పండగ గురించి కూడా చెప్పండి. 1920లో వచ్చిన ఫ్లూ జబ్బుకు జనం చాలామంది పోయారు. 1,500 కంటే తక్కువ ఉంటే జాతి నిలవదని భయపడ్డారు. 1932 అక్టోబరు 26న పుట్టిన ఆడబిడ్డతో ఆ సంఖ్య చేరింది. ఊరంతా పండగ చేసుకున్నారు. యుద్ధంలో మళ్లీ పడిపోయి, 1949లో మళ్లీ చేరారు. ఇప్పటికీ ఏటా అక్టోబరు 26న పండగ చేస్తారు.

బడిగంట
శనివారం, సాయంత్రం 4.30

గోడపత్రిక నిన్న అంటించాం. మొదటి వాక్యాన్ని ఆ అమ్మాయే మార్చుకుంది. "నౌరు ప్రజలు 1946 జనవరి 31న ఇంటికి తిరిగి వచ్చారు" అని మొదలుపెట్టింది. డబ్బు పోగొట్టుకున్న కథ నాలుగో పేరాలో ఉంది, గోదారిగట్టు గారు చెప్పినవన్నీ ఉన్నాయి, దాచలేదు. ఎర్రనేల గారి ప్రశ్న, దానికి సముద్రపుగాలి గారి జవాబు పక్కన పెట్టెలో రాశారు.

లెక్కలపుస్తకం గారూ, మీకు ఒక వార్త. తరగతి నాయకుడి ఎన్నిక నౌరు పద్ధతిలో పెట్టాం. 36 మంది పిల్లలు, ముగ్గురు అభ్యర్థులు. ఒక బాబుకు మొదటి ఓట్లు 14, రెండోవి 4, మూడోవి 18 వచ్చాయి, మొత్తం 22. ఒక అమ్మాయికి 12, 9, 15, మొత్తం 21.5. ఇంకో అమ్మాయికి మొదటి ఓట్లు పదే, రెండోవి 23, మూడోవి 3. మొత్తం 22.5. ఆమే గెలిచింది. భిన్నాలు కూడడానికి బోర్డు దగ్గరికి పిల్లలు పోటీపడి వచ్చారు. ఓడిన బాబు మళ్లీ లెక్కపెట్టమన్నాడు. మళ్లీ లెక్కపెట్టాం, అంతే వచ్చింది.

లెక్కలపుస్తకం
శనివారం, సాయంత్రం 4.52

కూడి చూశాను. మూడూ కలిపితే 66 రావాలి, వచ్చింది. లెక్క సరిగ్గా ఉంది.